రామాయణాన్ని జాతక చక్రంతోనూ టారో కార్డులతోనూ చదివే పద్ధతి

శ్రీరామనవమినాడు పందిట్లో కూర్చుని, పానకం చేతికి వచ్చేలోపు, బాలకాండ పద్దెనిమిదవ సర్గలోని జనన శ్లోకాలను మనలో చాలామంది విన్నవారమే. "తతశ్చ ద్వాదశే మాసే చైత్రే నావమికే తిథౌ, నక్షత్రేఽదితిదైవత్యే స్వోచ్చసంస్థేషు పంచసు, గ్రహేషు కర్కటే లగ్నే వాక్పతావిందునా సహ" అని వాల్మీకి చెబుతాడు. యాగం ముగిసిన పన్నెండవ నెలలో, చైత్ర మాసపు నవమి తిథిలో, అదితి దేవతగా గల పునర్వసు నక్షత్రంలో, ఐదు గ్రహాలు తమ తమ ఉచ్చస్థానాలలో (అత్యంత బలంగా ఉండే రాశులలో) ఉండగా, కర్కాటక లగ్నంలో (తూర్పున ఉదయిస్తున్న రాశిలో) గురుచంద్రులు కలిసి ఉన్న వేళ రాముడు పుట్టాడని దీని అర్థం. ఒక కావ్యం తన నాయకుని పరిచయాన్ని గ్రహస్థితితో మొదలుపెట్టినప్పుడు, ఆ గ్రహస్థితి కూడా కావ్యభాషలో ఒక భాగమే అవుతుంది. దాన్ని చదవడం తెలియకపోతే కథలో ఒక పొర మనకు అందకుండా మిగిలిపోతుంది.

ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి భవిష్యత్తు తెలుసుకోవడానికి ఉద్దేశించినది కాదు. రామాయణంలోని ఒక ఘట్టాన్ని ముందు జ్యోతిషం కళ్లతో, తరువాత టారో బొమ్మల కళ్లతో చూసి, చివరికి తిరిగి శ్లోకం దగ్గరికే రావడం దీని క్రమం. చక్రం గానీ కార్డు గానీ మిమ్మల్ని మూలంలోని ఒక నిర్దిష్టమైన మాట దగ్గరికి తీసుకువెళ్లకపోతే, ఆ వ్యాఖ్యానం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. నేను పాటించే నియమం ఇదొక్కటే, మిగిలినదంతా దీనికి లోబడినదే.

కావలసిన సామగ్రి

సర్గల వారీగా మూల శ్లోకాలు, తెలుగు తాత్పర్యం ఉన్న వాల్మీకి రామాయణం ఒకటి కావాలి. సంక్షిప్త రామాయణాలు ఈ పనికి చాలవు, ఎందుకంటే వాటిలో మొదట ఎగిరిపోయేవి తిథి, నక్షత్ర, శకున వర్ణనలే. ప్రతిని బట్టి సర్గల, శ్లోకాల సంఖ్యలలో కొద్ది తేడాలు ఉంటాయి కాబట్టి, ఒకే ప్రతిని పట్టుకుని చివరిదాకా దానితోనే సాగండి. నక్షత్ర పాదాల పట్టిక ఉన్న పంచాంగం, గళ్లు గీసుకోవడానికి ఒక నోటు పుస్తకం, 78 కార్డుల టారో కట్ట కూడా దగ్గర పెట్టుకోండి.

టారో గురించి ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అది పదిహేనవ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది; దానితో జోస్యం చెప్పడం పద్దెనిమిదవ శతాబ్దపు చివరి భాగంలో ఫ్రాన్సులో వ్యాపించింది; అది ప్రాచీన ఈజిప్టు విజ్ఞానమనే ప్రచారం 1781లో ఒక ఫ్రెంచి పండితుని రాతలతో మొదలై, తరువాత ఆధారం లేనిదని తేలింది. కాబట్టి ఈ కార్డులలో మన ఋషుల రహస్యాలు దాగి ఉన్నాయని అనవద్దు. అవి వేరే దేశంలో, వేరే మతం నీడలో గీసిన బొమ్మలు, మనకు ఉపయోగపడేది కూడా ఆ పరాయితనమే. చిన్నప్పటి నుంచి విన్న కథ మన చెవులకు అలవాటైపోయి ఉంటుంది. పరిచయం లేని బొమ్మ పక్కన పెట్టినప్పుడు అదే కథలో మనం ఆగని చోట ఆగవలసి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి 1909లో లండనులో వెలువడిన రైడర్ వెయిట్ కట్ట మంచిది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన ఆ కట్టలో 22 పెద్ద కార్డులతో పాటు 56 చిన్న కార్డులలో కూడా మనుషులూ సన్నివేశాలూ కనిపిస్తాయి, కథతో పోల్చడానికి అవి చాలా అవసరం.

మన దేశంలో ఇటువంటి అలవాటు లేకపోలేదు. తులసీదాసు రామచరితమానసంతో పాటు అచ్చయ్యే రామశలాకలో 225 గళ్లు ఉంటాయి. కళ్లు మూసుకుని ఒక గడిమీద వేలు పెట్టి, అక్కడి నుంచి ప్రతి తొమ్మిదో గడిలోని అక్షరాన్ని కూర్చుకుంటూ పోతే ఒక చౌపాయి వస్తుంది, అదే సమాధానంగా తీసుకుంటారు. కావ్యాన్ని ప్రశ్నించడమూ, యాదృచ్ఛికంగా దొరికిన దాని దగ్గర ఆగి ఆలోచించడమూ మనకు కొత్త కాదు.

రాముని చక్రం వేయడం

నోటు పుస్తకంలో మన పద్ధతిలో పన్నెండు గళ్ల రాశిచక్రం గీయండి. పై వరుసలో ఎడమ మూల మీనం, దాని పక్కన మేషం, వృషభం, మిథునం. అక్కడి నుంచి కుడివైపుగా కిందికి దిగుతూ కర్కాటకం మొదలైనవి వస్తాయి. కర్కాటకంలో లగ్నమని రాసి, గురువునూ చంద్రునీ అందులోనే వేయండి. వాల్మీకి ఉచ్చలో ఉన్న ఐదు గ్రహాల పేర్లు చెప్పలేదు, అయినా లెక్క తేలికే. చంద్రుడు కర్కాటకంలో ఉన్నాడు కాబట్టి ఉచ్చలో లేడు, స్వక్షేత్రంలో, అంటే తన సొంత రాశిలో ఉన్నాడు. బుధునికి ఉచ్చ కన్య. రవి ఉచ్చలో ఉంటే బుధుడు అంత దూరం వెళ్లలేడు. కాబట్టి మిగిలిన ఐదుగురు మేషంలో రవి, మకరంలో కుజుడు, కర్కాటకంలో గురువు, మీనంలో శుక్రుడు, తులలో శని అవుతారు. బుధుణ్ణి, రాహుకేతువులను ఎక్కడ వేయాలనే విషయంలో రకరకాల సంప్రదాయాలు ఉన్నాయి. మూలం చెప్పలేదు కాబట్టి ఆ గళ్లను నేను ఖాళీగానే ఉంచుతాను.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి, ఎందుకంటే ఈ పద్ధతి అంతటికీ పునాది ఈ లెక్కలోనే ఉంది. తిథి అంటే రవిచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం. శుక్ల నవమి కావాలంటే చంద్రుడు రవికన్నా 96 నుంచి 108 డిగ్రీలు ముందుండాలి. సమ విభాగాల లెక్కలో పునర్వసు నక్షత్రం మేషాది నుంచి 80 డిగ్రీల దగ్గర మొదలై 93 డిగ్రీల 20 కలల (కల అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) దగ్గర ముగుస్తుంది, అందులో కర్కాటకంలో పడేది నాలుగవ పాదం ఒక్కటే. రవి మేషంలో సున్నా డిగ్రీల దగ్గర ఉన్నాడనుకున్నా, పునర్వసు చివరి అంచున ఉన్న చంద్రునికి అతనితో దూరం 93 డిగ్రీల 20 కలలే అవుతుంది, అది ఇంకా అష్టమే. రవి పరమోచ్చ (ఉచ్చలో అత్యున్నత బిందువు) అయిన పది డిగ్రీల దగ్గర ఉంటే సప్తమికి జారిపోతుంది. నవమి, పునర్వసు, మేషరవి ఈ మూడూ ఒకేసారి కుదరవు. పోనీ రవిని మీనానికి జరిపితే నవమి దక్కుతుంది గానీ, రాహుకేతువులను పక్కన పెడితే ఉచ్చ గ్రహాలు నాలుగే మిగులుతాయి.

ఈ లెక్క చూసి కొందరు నిరాశపడతారు, కొందరు కోపం తెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇది చాలా విలువైన సంగతిగా తోస్తుంది. ఈ చక్రం ఒక రాత్రి ఆకాశాన్ని చూసి నమోదు చేసినది కాదు. ఒక సంపూర్ణ పురుషుని జననానికి ఆకాశం ఎలా ఉండాలో కవి కూర్చిన వర్ణన ఇది. అందువల్ల కంప్యూటరులో ఆకాశాన్ని వెనక్కు తిప్పి, రాముడు క్రీస్తుపూర్వం 5114వ సంవత్సరం జనవరి 10న పుట్టాడని ప్రకటించే వాదాల జోలికి మన పని వెళ్లదు. చక్రం తేదీని చెప్పకపోవచ్చు, అయితే కథను చెబుతుంది, ఎంత నిశితంగా చెబుతుందో ఇప్పుడు చూద్దాం.

భావాలను కథతో కలిపి చదవడం

లగ్నంలో ఉచ్చ గురువు, స్వక్షేత్ర చంద్రుడు; మిగిలిన కేంద్రాలలో (లగ్నం నుంచి నాలుగు, ఏడు, పది ఇళ్లలో) ఉచ్చ శని, ఉచ్చ కుజుడు, ఉచ్చ రవి. హంస, శశ, రుచక యోగాలు (ప్రత్యేక ఫలమిచ్చే గ్రహస్థితులు), వాటితో పాటు గజకేసరి యోగం. ఇంత వైభవమున్న జాతకుడు పట్టాభిషేకం జరగవలసిన రోజున నారచీరలు ఎందుకు కట్టాడన్నదే మన ప్రశ్న. యోగాల పేర్లు చదివి చేతులు జోడించి ఆగిపోయేవారికి ఈ ప్రశ్న తట్టదు, దృష్టులు చూసేవారికి తడుతుంది.

లగ్నం నుంచి లెక్కపెట్టే పన్నెండు ఇళ్లనే భావాలంటారు. నాలుగవ భావం ఇల్లు, తల్లి, సుఖం. అక్కడ తులలో శని ఉన్నాడు. ఆ శని తానున్న ఇంటి నుంచి మూడవ, ఏడవ, పదవ ఇళ్ల మీద పడే దృష్టులతో వరుసగా ఆరవ ఇంటినీ, రాజ్యస్థానమైన పదవ ఇంట్లోని రవినీ, లగ్నాన్నీ చూస్తాడు. తండ్రికీ రాజ్యానికీ కారకుడైన రవి పూర్ణ బలంతో ఉండగానే శని దృష్టి ఎదురుగా నిలబడింది. ఏడవ భావం కళత్రస్థానం, అంటే భార్య స్థానం. అక్కడ మకరంలో కుజుడు. అతని నాలుగవ దృష్టి రాజ్యస్థానం మీద, ఏడవ దృష్టి లగ్నం మీద, ఎనిమిదవ దృష్టి కుటుంబస్థానమైన సింహం మీద పడతాయి. లగ్నస్థ గురువు అయిదు, ఏడు, తొమ్మిది స్థానాలను చూస్తూ కుజునీ శుక్రునీ తన దృష్టిలోకి తెచ్చుకుంటాడు గానీ, శనిని చూడడు. అంటే భార్యను పోగొట్టుకున్న దుఃఖానికి గురుదృష్టి అనే ఊరట ఉంది. ఇల్లు పోగొట్టుకున్న దుఃఖానికి ఆ ఊరట లేదు. అయోధ్యకాండ చదివినవారు ఈ మాటను కొంతసేపు మనసులో ఉంచుకోవాలి.

రవి పదవ ఇంట ఉండడమంటే ఇంచుమించు మధ్యాహ్నం అని అర్థం. శ్లోకంలో మధ్యాహ్నమన్న మాట లేకపోయినా, మనం పన్నెండు గంటలకు, అభిజిత్ ముహూర్తంలో భద్రాచల రాముని కల్యాణం జరుపుకోవడం ఈ చక్రానికి సరిపోతుంది. అయితే బాలకాండ ప్రకారం కల్యాణ నక్షత్రం ఉత్తర ఫల్గుని, దానికి అక్కడ చెప్పిన అధిదేవత భగుడు. ఒంటిమిట్టలో కల్యాణాన్ని రాత్రి వెన్నెలలో చేస్తారు. ఆచారాలలో ఉన్న ఈ వైవిధ్యం ఆచారాలది. వ్యాఖ్యానానికి మాత్రం మూలంలో చెప్పిన నక్షత్రాన్నే తీసుకోవాలి.

నక్షత్రాల మాట వచ్చింది కాబట్టి అన్నదమ్ముల నక్షత్రాలను వరుసగా రాసుకోండి. రాముడు పునర్వసు, భరతుడు పుష్యమి, లక్ష్మణ శత్రుఘ్నులు ఆశ్లేష. మూడూ ఆకాశంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆశ్లేషకు దేవత సర్పం. లక్ష్మణుణ్ణి ఆదిశేషుని అంశగా చూసే మన భక్తి సంప్రదాయానికి ఆ ఒక్క మాట ఎంత బలమిస్తుందో గమనించండి. పుష్యమికి దేవత బృహస్పతి. సింహాసనం మీద పాదుకలను ఉంచి, తాను నందిగ్రామంలో కూర్చుని ధర్మం చెప్పిన భరతునికి అంతకన్నా తగిన దేవత లేడు. పునర్వసు అన్న పేరులోనే పునః అన్న మాట ఉంది, పోయిన సంపద మళ్లీ రావడమని దాన్ని అర్థం చేసుకుంటారు.

దీనికి తోడు అరణ్యకాండలో జటాయువు చెప్పిన మాటను చదవండి. రెక్కలు తెగి నేలమీద పడి, ప్రాణం పోతున్న సమయంలో ఆ వృద్ధ పక్షి రాముడికి ఒక జ్యోతిష రహస్యం చెబుతుంది: రావణుడు సీతను ఎత్తుకుపోయిన ముహూర్తం పేరు విందం, ఆ ముహూర్తంలో పోయిన సొత్తు త్వరలోనే యజమానికి చేరుతుంది, ఆ సంగతి రావణునికి తెలియలేదు. పునర్వసు నక్షత్రజాతుని సొత్తు విందముహూర్తంలో పోయింది. పుట్టినప్పుడు వేసిన ముడినే కవి ఇక్కడ విప్పుతున్నాడు. ఈ రెండు చోట్లనూ కలిపి చదివిన రోజున నాకు జటాయువు మరణం వేరే విధంగా కనిపించింది. ఆయన చివరి శ్వాసతో ఇచ్చినది వార్త మాత్రమే కాదు, ఆశ కూడా.

చక్రం నుంచి కార్డులకు వంతెన

1888లో లండనులో ఏర్పడిన గోల్డెన్ డాన్ అనే రహస్య సమాజం 22 పెద్ద కార్డులకూ గ్రహాలు, రాశులు, భూతాలతో ఒక జత కూర్చింది. రైడర్ వెయిట్ కట్ట తయారుచేసిన ఇద్దరూ ఆ సమాజంలో సభ్యులుగా ఉన్నవారే. మనకు కావలసినంత మేరకు ఆ జతలు ఇవి: మేషానికి ఎంపరర్, కర్కాటకానికి చారియట్, తులకు జస్టిస్, మకరానికి డెవిల్, మీనానికి మూన్ కార్డు, గ్రహాలలో రవికి సన్, చంద్రునికి హై ప్రీస్టెస్, కుజునికి టవర్, గురువుకు వీల్ ఆఫ్ ఫార్చ్యూన్, శుక్రునికి ఎంప్రెస్, శనికి వరల్డ్.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాశ్చాత్యులు వాడేది విషువత్తు నుంచి లెక్కించే సాయన రాశిచక్రం, మనది నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయన చక్రం, రెండింటికీ ఈ కాలంలో సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. కాబట్టి డిగ్రీలను ఒకదాని నుంచి మరొకదానికి తేవద్దు. రాశి స్వభావాన్ని, పేరును మాత్రమే తీసుకోండి. నక్షత్రాలకు టారోలో స్థానమే లేదు. ఏదో ఒక కార్డును పునర్వసుకు అంటగట్టాలని ప్రయత్నించడం కంటే ఆ లోటును లోటుగా ఉంచడం మేలు.

ఇప్పుడు చక్రంలోని ప్రతి గ్రహం దగ్గర గ్రహపు కార్డునూ రాశి కార్డునూ జతగా పెట్టండి. లగ్నంలో చారియట్ వస్తుంది, అంటే రథం. కర్కాటకం ఇంటికి గుర్తు, రథం ప్రయాణానికి గుర్తు. ఈ రెండూ ఒకే రాశిలో కలవడం రాముని జీవితానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. తండ్రి పేరు దశరథుడు, అడవికి తీసుకువెళ్లినది సుమంత్రుని రథం, చివరి యుద్ధానికి దిగి వచ్చినది మాతలి నడిపిన ఇంద్రరథం. రైడర్ వెయిట్ బొమ్మలో రథికుని చేతిలో పగ్గాలు లేవు, దండం మాత్రమే ఉంది. దేనితోనూ కట్టకుండానే రథం ముందున్న సింహశరీరపు స్ఫింక్సులను నడిపించేవాడంటే ఎవరో ఆలోచించండి.

మీనంలో శుక్రుడు భాగ్యస్థానంలో ఉన్నాడు, అక్కడ ఎంప్రెస్, మూన్ జతగా వస్తాయి. ఎంప్రెస్ బొమ్మలో పండిన పైరు మధ్య కూర్చున్న తల్లి ఉంది. నాగటి చాలులో దొరికిన భూమిపుత్రిక సీతకు అంతకన్నా తగిన బొమ్మ దొరకదు. మూన్ బొమ్మలో నీడలు, ఊళపెట్టే జంతువులు, ఎటు పోతుందో తెలియని దారి ఉన్నాయి. బంగారు లేడిని చూసిన సీత, దాన్ని చూడగానే మారీచుడని అనుమానించిన లక్ష్మణుడు, అడవిలో వినిపించిన దొంగ గొంతు అక్కడ కనబడతాయి. కళత్రస్థానంలో కుజుడు మకరంలో ఉన్నాడు కాబట్టి టవర్, డెవిల్ కార్డులు వస్తాయి. గొలుసుతో బంధించేవాడు, పిడుగుపాటుకు కూలే మేడ. రావణునీ లంకనూ దీనితో పోల్చడం ఎవరికైనా తడుతుంది కాబట్టి దాన్ని సాగదీయను.

నన్ను ఎక్కువకాలం ఆపినది నాలుగవ ఇల్లు. తల్లి స్థానంలో శని, రాశి తుల, కార్డు జస్టిస్. సాధారణంగా టారో చదివేవారు కైకేయికి డెవిల్ కార్డునో, కత్తి పట్టుకున్న రాణినో ఇస్తారు. చక్రం మాత్రం ఆ చోట త్రాసును చూపిస్తోంది. నచ్చకపోయినా అక్కడ ఆగి మూలాన్ని తెరిచి చూస్తే, కైకేయి అడిగినది కొత్తగా పుట్టించిన కోరిక కాదు, యుద్ధంలో భర్త ప్రాణాన్ని కాపాడినందుకు అతను ఇచ్చిన రెండు వరాలనే ఆమె అడిగింది. అంటే అది తీరని ఋణం. ఆమె మనసు క్రూరమైనది కావచ్చు, లెక్క మాత్రం తప్పు కాదు. దశరథుడు ఆ సంగతిని కాదనలేకనే కూలిపోయాడు. తల్లుల స్థానంలో కూర్చున్న ఉచ్చ శని ఇంటి నుంచి రాబట్టుకున్నది ఆ బాకీనే. కైకేయిని క్షమించమని నేను అనడం లేదు, ఆమెకు సరైన కార్డు ఇస్తేనే దశరథుని నిస్సహాయత అర్థమవుతుందని అంటున్నాను.

ఒక ఘట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడం

పద్ధతి చేతికి రావాలంటే అయోధ్యకాండలో పట్టాభిషేక నిర్ణయం మొదలు వనప్రయాణం వరకు ఉన్న భాగాన్ని అభ్యాసంగా తీసుకోండి, ఎందుకంటే అంత చిక్కని జ్యోతిష సామగ్రి ఒకేచోట మరెక్కడా సులభంగా దొరకదు. మాసం చైత్రం. దశరథుడు కొడుకుతో ఇలా అంటాడు: ఈ రోజు చంద్రుడు పునర్వసులో ఉన్నాడు, రేపు పుష్యమీ యోగమని దైవజ్ఞులు చెబుతున్నారు, రేపే నీకు అభిషేకం. దానికి ముందు మరో మాట చెబుతాడు: నా జన్మనక్షత్రాన్ని సూర్యుడు, అంగారకుడు, రాహువు ఆక్రమించారని దైవజ్ఞులు తెలిపారు. పగటిపూట ఉల్కలు పడుతున్నాయని కూడా అంటాడు. ఈ మూడు మాటలను పక్కపక్కన రాసుకుంటే వృద్ధ రాజు తొందర వెనుక ఉన్న భయం కనబడుతుంది. ఆయన ముహూర్తాన్ని ఎంచుకున్నది కొడుకు శుభం కోసం మాత్రమే కాదు. తన చావు దగ్గరపడుతోందన్న శంకతో దానికన్నా ముందు పరుగెత్తాలని చూశాడు. నక్షత్రం పుష్యమి కావడం మరింత బాధాకరమైన సంగతి, అది భరతుని జన్మనక్షత్రం. భరతుడు ఊళ్లో లేని రోజున భరతుని నక్షత్రంలో రాముని అభిషేకం పెట్టుకున్నారు.

తరువాత రాముడు నగరం విడిచిన వేళ నలభై ఒకటవ సర్గలో ఆకాశం మారిపోతుంది. త్రిశంకువు, కుజుడు, గురువు, బుధుడు దారుణమైన రూపంతో చంద్రుని చేరుకున్నారని, నక్షత్రాలు వెలుగు కోల్పోయాయని, విశాఖ పొగతో కప్పుకుని కనిపించిందని కవి చెబుతాడు. విశాఖ ఇక్ష్వాకు వంశానికి చెందిన నక్షత్రమని యుద్ధకాండలో తెలుస్తుంది. అక్కడికి వెళ్లి ఆ మాట చదివి మళ్లీ ఇక్కడికి వస్తే, పొగ కమ్మినది ఆకాశంలోని ఒక నక్షత్రాన్నే కాదు, ఒక వంశాన్ని అని బోధపడుతుంది.

ఇప్పుడు కార్డు. ఈ ఘట్టానికి కట్ట కలపకుండా, బొమ్మలు చూస్తూ మీరే ఒక కార్డును ఎంచుకోండి. నేను హ్యాంగ్డ్ మ్యాన్ అనే తలకిందులుగా వేలాడే మనిషి బొమ్మను తీసుకున్నాను. ఒక కాలికి కట్టిన తాడుతో, పచ్చని చెట్టుకు, తల చుట్టూ కాంతివలయంతో, నిశ్చలమైన ముఖంతో అతను వేలాడుతుంటాడు. మొదట అది దశరథుడే అనుకున్నాను, ఎందుకంటే బాలకాండ మొదటి సర్గలోనే ఆయనను "ధర్మపాశేన సంయతః" అని, అంటే ధర్మమనే పాశంతో కట్టుబడినవాడని చెప్పారు. కానీ దశరథుని ముఖంలో ఆ నిశ్చలత లేదు. ఆయన ఏడ్చాడు, బతిమాలాడు, మూర్ఛపోయాడు. రాజ్యం పోయినా కళ తగ్గని ముఖం రామునిదని అయోధ్యకాండ పంతొమ్మిదవ సర్గ చెబుతుంది. కాబట్టి తాడు తండ్రిది, వేలాడినది కొడుకు. ఒకే కార్డులో ఇద్దరినీ చూపించే ఈ బొమ్మ దగ్గర నేను "పాశం" అన్న మాటను మళ్లీ చదివాను, దాని బరువు నాకు అప్పుడే తెలిసింది.

కట్ట కలిపి కార్డులు తీయడం

ఘట్టాన్ని ఎంచుకున్నాక, అందులోని పాత్ర ఒక నిర్ణయం ముందు నిలబడిన క్షణాన్ని పట్టుకోండి. ప్రశ్న పాత్రదై ఉండాలి, మీది కాకూడదు. కట్ట కలిపి మూడు కార్డులు తీయండి. మొదటిది పాత్ర పడిన సంకటం, రెండవది పాత్రకు కనిపించనిది, మూడవది పాత్ర చేసిన పని. తలకిందులుగా పడిన కార్డును తిప్పి నిలువుగానే చూడండి. తలకిందుల అర్థాలు ఈ పనిలో గందరగోళాన్నే పెంచుతాయి.

నేను ఒకసారి సుందరకాండ ముప్పైయవ సర్గను తీసుకున్నాను. హనుమంతుడు శింశుపా వృక్షం కొమ్మల్లో దాగి, సీతతో ఏ భాషలో మాట్లాడాలా అని తర్కించుకుంటున్న చోటు అది. ద్విజుని వలె సంస్కృతం మాట్లాడితే రావణుడనుకుని భయపడుతుంది, మాట్లాడకుండా ఊరుకుంటే ఆమె ప్రాణం విడిచే స్థితిలో ఉంది. మొదటి కార్డు టూ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. కళ్లకు గంత కట్టుకుని రెండు కత్తులను గుండెలమీద అడ్డంగా పట్టుకున్న స్త్రీ, వెనుక సముద్రం, పైన చంద్రరేఖ. దానికి వ్యాఖ్యానమే అక్కరలేదు. మూడవది పేజ్ ఆఫ్ కప్స్, పాత్రలోంచి తల ఎత్తిన చేపతో మాట్లాడుతున్నట్టున్న కుర్రవాడు. ఊహించని నోటి నుంచి వచ్చే మధురమైన వార్త. రామకథను మెల్లగా చెట్టుమీద నుంచి చెప్పిన కోతికి అది సరిపోయింది.

రెండవ కార్డు మాత్రం ఎంతకూ లొంగలేదు. త్రీ ఆఫ్ కప్స్, ముగ్గురు స్త్రీలు పాత్రలెత్తి సంతోషిస్తున్న బొమ్మ. అశోకవనంలో సంతోషం ఎక్కడిది? సంబంధం దొరకలేదని రాసి పక్కన పెట్టాను. ఇటువంటప్పుడు బలవంతంగా అతకకూడదు, ఊరికే ముందుకు చదవాలి. ముప్పై ఏడవ సర్గకు వచ్చేసరికి, సీతను తిరిగి పంపమని విభీషణుడు రావణునికి చెప్పిన సంగతి తనకెలా తెలిసిందో ఆమె హనుమంతునికి వివరిస్తుంది: విభీషణుని పెద్ద కుమార్తె, తల్లి పంపగా వచ్చి, తనకు స్వయంగా చెప్పిందని. అంతకుముందే రాక్షసస్త్రీల నోరు మూయించిన త్రిజట ఉంది. త్రిజట, విభీషణుని భార్య, అతని కుమార్తె. శత్రువు నగరంలో సీతకు తోడుగా నిలిచిన ముగ్గురు స్త్రీలు ఉన్నారని నేను ఎన్నో ఏళ్లుగా చదివి కూడా లెక్కపెట్టలేదు. చెట్టుమీద ఉన్న హనుమంతునికి కూడా అప్పటికి ఆ తల్లీకూతుళ్ల సంగతి తెలియదు. కార్డుకు ఏ శక్తీ ఉందని నేను అనను. అది నన్ను ఒక ప్రశ్నతో వదిలింది, ప్రశ్న ఉండబట్టి శ్లోకం కనిపించింది.

చేయకూడనివి

రాముని చక్రంలో ఏడవ ఇంట కుజుడున్నాడు, సీతారాములు విడిపోయారు, కాబట్టి కుజదోషమున్న పిల్లకు ఇదే గతి అని ఎవరైనా అంటే ఆ సంభాషణను అక్కడే ఆపండి. మన ఇళ్లలో కుజదోషమనే ఒక్క మాటతో, మూలా నక్షత్రమనే ఒక్క మాటతో ఎన్ని సంబంధాలు వెనక్కు పోయాయో, ఎంతమంది ఆడపిల్లలు కన్నీళ్లు పెట్టుకున్నారో మనకు తెలుసు. కవి కూర్చిన సంపూర్ణ పురుషుని చక్రంలోనే కుజుడు ఏడవ ఇంట ఉన్నాడంటే, ఆ స్థితి మనిషికి మచ్చ కాదని అర్థం చేసుకోవడమే న్యాయం. కావ్యవ్యాఖ్యానాన్ని పెళ్లిచూపుల గదిలోకి తీసుకురావద్దు.

పూజా మందిరంలో కార్డులు పరచవద్దని కూడా చెబుతాను. పారాయణ చేసే పుస్తకం వేరుగా, అభ్యాసానికి వాడే పుస్తకం వేరుగా ఉంచుకుంటే ఇంట్లో పెద్దల మనసు నొచ్చుకోదు, మీకూ రెండు పనుల మధ్య తేడా తెలుస్తుంది. ఒక పాత్రకు ఒకే కార్డును శాశ్వతంగా అంటించవద్దు. అయోధ్యకాండలో వేలాడిన మనిషే యుద్ధకాండలో రథికుడవుతాడు.

అభ్యాసం కొనసాగించేవారు తరువాత యుద్ధకాండ నాలుగవ సర్గను తీసుకోవచ్చు. ఉత్తర ఫల్గునిలో, మధ్యాహ్నవేళ వానరసేన బయలుదేరుతుంది. ఇక్ష్వాకుల విశాఖ ఇప్పుడు నిర్మలంగా వెలుగుతోందని, రాక్షసుల నక్షత్రమైన మూలను ధూమకేతువు తాకి పొగలు కమ్మిందని లక్ష్మణుడు అన్నకు చూపిస్తాడు. అయోధ్యకాండ నలభై ఒకటవ సర్గలోని పొగ ఎవరి నుంచి ఎవరికి మారిందో నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. ఆ తరువాత కాండ చివరికి వెళ్లి, పద్నాలుగేళ్లు నిండిన పంచమినాడు రాముడు భరద్వాజాశ్రమానికి చేరిన చోటును చదవండి. నందిగ్రామంలో జటలు కట్టుకుని ఎదురుచూస్తున్న భరతునికి హనుమంతుడు చెప్పే మాట అక్కడ ఉంది: "అవిఘ్నం పుష్యయోగేన శ్వో రామం ద్రష్టుమర్హసి." ఏ విఘ్నమూ లేకుండా, రేపు పుష్యమీ యోగంలో నువ్వు రాముణ్ణి చూస్తావు.